ఖాళీ అని రాసిన ఎనిమిది సిలిండర్లు

మా ఆసుపత్రిలో ఆయన్ని అందరూ గాలి బాబాయి అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరు విని పనీపాటా లేకుండా తిరిగే మనిషేమో అనుకునేవారు. నాలుగు రోజులు పోతే వాళ్ళకే తెలిసొచ్చేది. వార్డుల్లో ప్రతి మంచం తల దగ్గరా గోడలోంచి వచ్చే ఆక్సిజనంతా వెనకవైపున్న గ్యాసు గదిలోంచే వస్తుంది. ఆ గది ముప్పై ఒక్కేళ్ళుగా ఆయన చేతిలో ఉంది. పెద్దడాక్టరుగారు వారం రోజులు సెలవు పెట్టినా ఎవరికీ పట్టేది కాదు గానీ, బాబాయి టీ తాగడానికి గేటు దాటితే నలుగురు వెతుక్కుంటూ వెళ్ళేవారు.

బక్కమనిషి. జేబులో ఎప్పుడూ పెద్ద స్పానరు ఉండటంతో ప్యాంటు కుడివైపుకి జారి వేలాడుతూ ఉండేది. సిలిండర్లు తిప్పినప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడు ఏళ్ళ తరబడి విని విని ఒక చెవి సరిగ్గా వినపడేది కాదు. పక్కన నిలబడి పిలిచినా పలకడు గానీ, పై అంతస్తులో ఎక్కడో గొట్టం కారుతుంటే మాత్రం కింద నుంచే పసిగట్టేవాడు. అదెలా బాబాయ్ అని అడిగితే, "నువ్వు పిలిచేది పని చెప్పడానికే కదమ్మాయ్, అది వినకపోయినా పర్లేదు" అనేవాడు.

నేను పసిపిల్లల వార్డుకి ఇన్‌చార్జి సిస్టర్ని. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, సొంతంగా ఊపిరి తీసుకోలేనివాళ్ళు మా దగ్గర ఉంటారు. ఇరవై ఏళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే గోడ మీద మీటరు ముల్లు కొంచెం కదిలిందని హడలిపోయి గ్యాసు గదికి పరిగెత్తాను. ఆయన నవ్వలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి, ఏ ముల్లు ఎందుకు కదులుతుందో, ఎప్పుడు భయపడాలో అరగంట సేపు ఓపిగ్గా చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు సొంత బాబాయే. కాబట్టి ఇది పక్షపాతంతో రాస్తున్నానని ఎవరైనా అంటే అవునని ఒప్పుకుంటాను. కానీ ఆయన చేసిన తప్పు ముందే చెప్పేస్తాను.

నిండు సిలిండరు మూతి మీద ప్లాస్టిక్ సీలు ఉంటుంది. వాడేశాక సీలు ఉండదు, దాని ఒంటి మీద సుద్దముక్కతో ఖాళీ అని రాస్తారు. బాబాయి ఎనిమిది నిండు సిలిండర్లకి సీళ్ళు కోసేసి, ఖాళీ అని తన చేత్తోనే రాసి, వెనక రేకుల షెడ్డులో ఖాళీల మధ్య నిలబెట్టేవాడు. ఇలా పద్నాలుగేళ్ళు. మూడు నెలలకోసారి వాటిని వాడేసి, వాటి చోట కొత్తవి దాచేవాడు. లారీవాడు ఖాళీలు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఆయనే దగ్గరుండి ఎక్కించేవాడు కాబట్టి ఎవరికీ తెలియలేదు. అంటే, తెలియలేదని పైవాళ్ళు అనుకున్నారు. మా సిస్టర్లందరికీ తెలుసు.

ఎందుకు దాచేవాడంటే, పద్నాలుగేళ్ళ కిందట ఎవరో పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని కొత్త వార్డు నిండుగా కనపడాలని నిండు సిలిండర్లన్నీ అక్కడికి తరలించారు. ఒక వరస నిలబెట్టి రంగులు కూడా వేశారు. ఆ మధ్యాహ్నమే మగవాళ్ళ వార్డులో గాలి తగ్గింది. ఒక ముసలాయన పోయాడు. నివేదికలో గుండెజబ్బు అని రాశారు. బాబాయి ఆ సంగతి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ మర్నాటి నుంచి దాచడం మొదలుపెట్టాడు.

మరి మేము? మేమేం తక్కువ తినలేదు. ఐదు అడిగితే రెండు ఇచ్చే స్టోరు మాది. అందుకని అందరం అవసరం లేనప్పుడు కూడా అడిగేవాళ్ళం, దొరికినప్పుడల్లా ఒకటి పక్కన పడేసేవాళ్ళం. నా వార్డులో రెండు ఉండేవి. ఒకటి గుడ్డల ర్యాకు వెనక, ఇంకోటి పిల్లల్ని తుడిచే చిన్న గదిలో పట్టా కింద. ఆ రెండూ ఇచ్చింది బాబాయే. ఇచ్చి, పుస్తకంలో రాయడం మర్చిపోయినట్టు నటించేవాడు.

ఆ ఎనిమిదీ అవసరం పడిన రోజుకి మూడు రోజులుగా వాన. గ్యాసు గది పక్కనున్న పెద్ద ట్యాంకులో ద్రవ ఆక్సిజను నింపే ట్యాంకరు ముందురోజే రావాలి, రాలేదు. పొద్దున పదిన్నరకి కబురొచ్చింది. ఏటి వంతెన మీదకి నీళ్ళొచ్చాయి, ట్యాంకరు అవతలి ఒడ్డున ఆగిపోయింది, చుట్టుదారిన రావాలంటే సాయంత్రం నాలుగవుతుంది.

పెద్దడాక్టరు అందర్నీ తన గదికి పిలిచాడు. విపత్తుల ఫైలు తెప్పించాడు. దిండంత లావు ఫైలు. అందులో మొదటి నంబరుకి చేస్తే ఆ అధికారి రిటైరై ఐదేళ్ళయిందని వాళ్ళ కోడలు చెప్పింది. రెండో నంబరుకి చేస్తే కుర్చీలు, బల్లలు అమ్మే కొట్టువాడు ఎత్తి, ఏ సైజు కావాలండీ అన్నాడు. మూడోది కంట్రోల్ రూము. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. ఒక ఫారం నింపి పంపమన్నారు. ఆఫీసు గుమస్తా నింపుతూ, "ప్రమాదం జరిగిన సమయం అని ఉందండీ, ఇంకా జరగలేదు కదా, ఏం రాయమంటారు?" అని ఫోన్లో అడిగాడు. "జరిగాక పంపండి" అన్నారు అవతల నుంచి. ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు, ఫోను స్పీకర్లో ఉంది, గదిలో పదకొండు మందిమి విన్నాం.

ఒక్క మంచి కబురు వచ్చింది. ఊరి అవతలి చివర ఉన్న ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు ఆరుగురు పసిపిల్లల్ని తీసుకుంటామన్నారు, వెంటనే పంపితే.

పెద్దడాక్టరు బాబాయి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఎంతసేపు లాగగలవు?"

"ట్యాంకులో ఇంకో గంటకి ఉంది సార్. తర్వాత వరసలో పన్నెండు సిలిండర్లు. సాయంత్రం దాకా నాది పూచీ."

"పన్నెండుతో సాయంత్రం దాకా ఎలా వస్తుందయ్యా?"

"నేను చూసుకుంటాను సార్."

గాలి బాబాయి పూచీ అంటే మాకు సంతకం కన్నా ఎక్కువ. కిలో బరువున్న పిల్లల్ని ఆ వానలో అంబులెన్సుల్లో తిప్పడం కూడా ప్రమాదమే. పెద్దడాక్టరు ఒక్క క్షణం ఆలోచించి, అవతలి ఆసుపత్రికి వద్దులెండి అని చెప్పాడు. నేను ఊపిరి పీల్చుకుని వార్డుకి వెళ్ళిపోయాను. నాకు ఆ షెడ్డులోని ఎనిమిది సంగతి తెలుసు కదా. లెక్క నేనూ వేసుకున్నాను. ఆ రోజు వాడకానికి ఒక్కో సిలిండరు పావుగంట. పన్నెండు కలిపి మూడు గంటలు, మధ్యాహ్నం మూడింటి దాకా. ఎనిమిది కలిస్తే ఐదు దాకా. ట్యాంకరు నాలుగింటికి వస్తుంది. ఇంకా గంట మిగులుతుంది కూడా.

పన్నెండు కావస్తుండగా ట్యాంకు ఐపోయి సిలిండర్ల వరస మీదకి వచ్చింది. మార్చేటప్పుడు మా వార్డులో అలారం ఒకసారి మోగి ఆగింది. ఎందుకైనా మంచిదని పన్నెండున్నరకి నేను కిందకి దిగాను. బాబాయి గదిలో లేడు. షెడ్డు దగ్గరికి వెళ్ళాను. ఆయన వానలో తడుస్తూ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. షెడ్డు ఊడ్చినట్టు ఉంది. ఒక్క సిలిండరు లేదు.

స్టోరు గుమస్తా గొడుగు పట్టుకుని వచ్చాడు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైన మనిషి, పని మీద శ్రద్ధ ఉన్నవాడే. "ఖాళీలా బాబాయ్? పొద్దున్నే ఎక్కించి పంపేశాను. వంతెన మూసేలోపల వెళ్ళిపోతానని లారీ డ్రైవరు తొందరపడ్డాడు. మీరు ట్యాంకు దగ్గర కంగారులో ఉన్నారు, మిమ్మల్ని కదిలించడం ఎందుకని నేనే దగ్గరుండి..."

"నేను లేకుండా ఎప్పుడైనా ఎక్కించామా?" బాబాయి గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"అన్నిటి మీదా ఖాళీ అని మీ రాతే ఉంది కదా బాబాయ్" అన్నాడతను, తప్పేం చేశానో తెలియక.

బాబాయి ఏమని తిడతాడు? ఆ రాత ఆయనదే. గుమస్తా ముఖం చూసి, "నీ తప్పు లేదు బాబూ, వెళ్ళు" అన్నాడు. అతను వెళ్ళాక నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఎనిమిదీ పోయాయి" అన్నాడు.

పైన పదమూడు మంది పిల్లలు. అందులో తొమ్మిది మంది, గాలి ఆగితే పది నిమిషాలు కూడా తట్టుకోలేరు. పెద్దవాళ్ళ ఐసీయూలో మరో ఆరుగురు. మూడింటికి వరస ఐపోతుంది, నాలుగు దాటాక గానీ ట్యాంకరు రాదు.

"సార్‌కి ఇప్పుడే చెప్పకండి బాబాయ్. ముందు లారీవాడికి ఫోన్ చేద్దాం" అన్నాను. పిరికితనం అలా మొదలవుతుంది, చూశారా. ఇంకొకరి కోసం అన్నట్టు మొదలవుతుంది.

"చేశాను. వంతెన దాటేశాడు. వెనక్కి రాలేడు."

"ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నారు. ఇది బయటపడితే..."

"టైమెంతయింది?"

"ఒంటిగంటకి ఇరవై."

"పద" అన్నాడు, పెద్దడాక్టరు గది వైపు నడుస్తూ. ఆయన అంత వేగంగా నడవడం నేను చూడలేదు. వెనక పరిగెత్తాల్సి వచ్చింది.

నిలబడే మొత్తం చెప్పేశాడు. సీళ్ళు కోసింది, రాసింది, పద్నాలుగేళ్ళు, అన్నీ. పెద్దడాక్టరు ముఖం నల్లబడింది. ఆయన చెడ్డవాడు కాదు, ఆ క్షణంలో ఎవరైనా అంతే. "నీ మాట నమ్మి ఆ ఆరుగురు పిల్లల్ని పంపలేదయ్యా!" అని అరిచి, అవతలి ఆసుపత్రికి మళ్ళీ ఫోన్ చేశాడు. వాళ్ళు క్షమించమన్నారు. వాళ్ళకీ ట్యాంకరు రాలేదు, ఉన్నవాళ్ళకే చాలేట్టు లేదు. ఫోను పెట్టేసి పెద్దడాక్టరు తల పట్టుకున్నాడు.

"తిట్టండి సార్, కానీ తర్వాత" అన్నాడు బాబాయి. "మైకు ఒక్కసారి ఇప్పించండి."

అది గేటు దగ్గర బళ్ళు అడ్డంగా పెట్టొద్దని చెప్పే మైకు. ఆసుపత్రి అంతా వినపడుతుంది. ఆయన ఎప్పుడూ అందులో మాట్లాడలేదు. రెండు చేతులతో పట్టుకుని, చెవి వినపడనివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా మొదలుపెట్టాడు.

"నేను గ్యాసు గది వాణ్ణి. నిండు సిలిండర్లు ఎనిమిది, ఖాళీ అని రాసి దాచాను. ఇవాళ పొద్దున ఖాళీలతోపాటు అవీ లారీలో పోయాయి. తప్పు నాది. మూడింటికి గాలి ఐపోతుంది. ట్యాంకరు నాలుగు దాటాక వస్తుంది. మీ దగ్గర కూడా ఉన్నాయి. ఉన్నాయని నాకు తెలుసు, ఇచ్చింది నేనే కదా. తీసుకొచ్చి నా గది ముందు వరండాలో పెట్టి వెళ్ళిపోండి. నేను గోడ వైపు తిరిగి నిలబడతాను. ఎవరు తెచ్చారో చూడను. ఎవరడిగినా చెప్పను. కాస్త తొందరగా రండమ్మా."

గాలి ఐపోతుందన్న మాట రోగుల బంధువులు కూడా విన్నారు. రెండు నిమిషాల్లో వరండాలన్నీ జనంతో నిండిపోయాయి. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో కాలరు పట్టుకునేందుకు డాక్టర్ల కోసం వెతుకుతున్నారు. నేను జనాన్ని తోసుకుంటూ పైకి ఎక్కాను. మా వార్డు అద్దం దగ్గర ఏడో మంచం పిల్ల తల్లి నిలబడి ఉంది. ఆ పిల్ల పదకొండు వందల గ్రాములు. పదహారు రోజులుగా ఆ తల్లి అద్దం వదలలేదు.

"సిస్టర్, గాలి ఐపోతోందా?"

"లేదమ్మా, ఏర్పాటు చేస్తున్నారు" అన్నాను. ఆమె నా ముఖం చూసి అద్దం మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది.

గుడ్డల ర్యాకు వెనకున్న సిలిండరుని వెంటనే ఆయాతో దొర్లించి కిందకి పంపాను. రెండోది పంపలేదు.

ఎందుకు పంపలేదో చెప్పాలి. గోడ గొట్టంతో పని లేకుండా సిలిండరుని నేరుగా మంచానికి బిగించే మరలు నా దగ్గర రెండే ఉన్నాయి. అంటే ఆ ఒక్క సిలిండరుతో ఇద్దరు పిల్లల్ని రోజంతా నడపొచ్చు. కిందకి పంపితే ఆసుపత్రి మొత్తానికి పావుగంట. పావుగంట ఏ మూలకి? ఇద్దరైనా దక్కుతారు కదా అనుకున్నాను. ఆ ఇద్దరిలో ఒకరు ఏడో మంచం అని కూడా మనసులో అనేసుకున్నాను. రెండోవాళ్ళు ఎవరన్నది తేల్చుకోలేక ఆ ఆలోచన అక్కడే ఆపేశాను.

కింద మాత్రం సిలిండర్లు వచ్చాయి. ఆపరేషన్ థియేటర్ నుంచి, కాన్పుల వార్డు నుంచి, ఎక్స్‌రే గది నుంచి. పళ్ళ డాక్టరు గదిలోంచి చిన్నవి మూడు. పళ్ళు పీకడానికి అంత గాలి ఎందుకో ఆయనకే తెలియాలి. పాత ఫైళ్ళ గదిలోంచి కూడా ఒకటి వచ్చింది. గుమస్తాలు దాన్ని ఎందుకు దాచారో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు, బహుశా అందరూ దాస్తున్నారని దాచి ఉంటారు. నాది కలుపుకుని పెద్దవి ఐదు, చిన్నవి మూడు. బాబాయి అన్న మాట ప్రకారం గోడ వైపు తిరిగి నిలబడ్డాడట. అడుగుల చప్పుడు ఆగి, దూరం జరిగాక తిరిగి, ఒక్కొక్కటే వరసకి బిగించాడట. మూడు దాటింది. మూడున్నర దాటింది. థియేటర్లు ఆపేశారు, పెద్దవాళ్ళకి గాలి ఎంత తగ్గించగలరో అంత తగ్గించారు.

నాలుగుకి పది నిమిషాలున్నప్పుడు ట్యాంకరు ఊళ్ళోకి వచ్చిందన్నారు. మా వార్డులో అందరం చప్పట్లు కొట్టాం. ఐదు నిమిషాలకి ఇంకో కబురు. మార్కెట్ మలుపులో చెట్టు కూలి దారికి అడ్డంగా పడింది, కోస్తున్నారు, అరగంట పట్టొచ్చు.

నాలుగు దాటి పది నిమిషాలకి వార్డు ఫోను మోగింది. "అమ్మాయ్, ఇంకో ఐదు నిమిషాలు వస్తుంది. నొక్కే బ్యాగులు చేతిలో పట్టుకోండి" అన్నాడు బాబాయి. అంతే. నా దగ్గర రెండు ఉండేవని ఆయనకి తెలుసు. ఒక్కటే వచ్చిందనీ తెలిసి ఉంటుంది, నేను దాచే సిలిండర్లు ఏవో ఆయనకి గుర్తే. ఐనా అడగలేదు. అడిగి ఉంటే కోపమొచ్చి ఇవ్వకపోయేదాన్నేమో కూడా.

చిన్న గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. పట్టా తీశాను. ఒక చేతిలో మరలు ఉన్నాయి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బయట నా పిల్ల సిస్టర్లు, గాలి ఆగితే చేత్తో నొక్కి ఊపిరి పోసే ఆ బ్యాగులు సర్దుతూ, ఎవరికి ఎవరు అని పంచుకుంటున్నారు. ఒకామె, "మనం ఐదుగురం, పిల్లలు తొమ్మిది మంది, మిగతా నలుగురి సంగతేంటి?" అంటోంది. ఆ మాట చెవిన పడ్డాక ఇక అక్కడ నిలబడలేకపోయాను. మరలు కింద పడేశాను.

సిలిండరుని వాటంగా పట్టుకుని తిప్పుతూ నడపడం బాబాయే నేర్పాడు. వాలుబాట మీద అది నా చేతుల్లోంచి జారిపోబోయింది. భుజం అడ్డం పెట్టి ఆపాను. ఆ భుజం ఇప్పటికీ చలికాలంలో నొప్పి పెడుతుంది. గ్యాసు గది వరండాలోకి వచ్చేసరికి ఆయన గోడకి ముఖం పెట్టి, ఒక చెయ్యి ఆఖరి సిలిండరు మీద వేసి నిలబడి ఉన్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఆఖరిదాని ముల్లు ఎర్రగీత మీద ఉంది.

"అక్కడ పెట్టండమ్మా" అన్నాడు, తిరగకుండా.

పెట్టాను. వెళ్ళకుండా నిలబడ్డాను. క్షమించమనో, ఏదో అనాలని నోటిదాకా వచ్చింది.

"వెళ్ళండమ్మా. నేను తిరగాలి. టైము లేదు." గొంతులో బతిమాలుతున్నాడు. మాట తప్పకూడదని, ఆ ఎర్రగీత మీద ముల్లు ఆడుతుంటే కూడా, నేను కదిలేదాకా తిరగకుండా నిలబడ్డాడు ఆ మూర్ఖుడు. నేను పరిగెత్తాను. వెనక స్పానరు చప్పుడు, బుస్సుమన్న శబ్దం వినిపించాయి.

ఆ పావుగంట కూడా ఐపోయింది. ట్యాంకరు గేటులోకి వచ్చినా గొట్టం బిగించి వదలడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాలు చేతులతో బ్యాగులు నొక్కాం. నాలుగు చేతులు తక్కువైతే తల్లుల్ని లోపలికి పిలిచాను. ఏడో మంచం తల్లి నేను చెప్పినట్టే, ఒకటి, రెండు, వదులు, ఒకటి, రెండు, వదులు, అని పైకి లెక్కపెడుతూ తన పిల్లకి తానే ఊపిరి పోసింది. ఆరు నిమిషాలు గనక సరిపోయింది. అది ఇరవై నిమిషాలై ఉంటే ఆ చేతులు ఆగిపోయేవి, పిల్లలు దక్కేవాళ్ళు కాదు, ఇది మా పిల్లల డాక్టరు అన్న మాట. గోడలో గాలి మళ్ళీ బుసకొట్టినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎక్కడివాళ్ళం అక్కడే కూలబడ్డాం. పదమూడు మందీ ఉన్నారు. ఐసీయూలో ఆరుగురూ ఉన్నారు.

మూడు వారాల తర్వాత విచారణ పెట్టారు. బయటి నుంచి ఒక అధికారి వచ్చాడు. బాబాయిని ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కొక్కర్నీ పిలిచారు. నా వంతు వచ్చింది.

"మీ వార్డులో లెక్కలో లేని సిలిండర్లు ఎప్పుడైనా ఉండేవా సిస్టర్?"

"లేవండి" అన్నాను. నాకన్నా ముందు వెళ్ళినవాళ్ళందరూ అదే అన్నారని తర్వాత తెలిసింది. అది నాకు సాకు కాదు.

అధికారి బాబాయి వైపు తిరిగాడు. "మరి ఆ తొమ్మిదీ ఆకాశంలోంచి పడ్డాయా? ఎవరెవరు తెచ్చారో చెప్పు. తప్పు నీ ఒక్కడిదే కాదని తేలుతుంది, నీకే మంచిది."

"గోడ వైపు తిరిగి ఉన్నానండి."

"గంటల తరబడి గోడ వైపేనా?"

"మీటర్లు గోడకే ఉంటాయండి" అన్నాడు బాబాయి. పక్కన రాసుకుంటున్న గుమస్తా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. బాబాయి నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

నివేదిక వచ్చింది. ఖాళీ అని తప్పుడు రాతలు రాసినందుకు, పెద్దడాక్టరుకి తప్పుడు భరోసా ఇచ్చినందుకు గ్యాసు గది ఉద్యోగిని తొలగించారు. ముప్పై ఒక్కేళ్ళ పెన్షన్లో సగానికి కోత. అదే నివేదికలో నాలుగో పేజీలో, సిబ్బంది సమయస్ఫూర్తితో తొమ్మిది సిలిండర్లు సమకూర్చి ప్రాణాలు నిలిపారని ఉంది. ఆ సమయస్ఫూర్తికి ఐదుగురికి ప్రశంసాపత్రాలు ఇచ్చారు. ఒకటి నాకు.

దాన్ని తీసుకున్న నాలుగో రోజు ఒక ఉత్తరం రాశాను. రెండు సిలిండర్లు నేను దాచాను, విచారణలో అబద్ధం చెప్పాను, బాబాయి చేసిందే మేమందరం చేశాం అని. బస్సెక్కి ఆ అధికారి ఆఫీసుకి వెళ్ళి చేతికిచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. మడత అలాగే పెట్టి నా వైపు జరిపాడు.

"ఫైలు మూసేశాం సిస్టర్. ఇది తెరిస్తే మీ ఒక్కరితో ఆగదు. సగం ఆసుపత్రిని ఇంటికి పంపాలి. ఆయనకి కూడా పెద్దగా ఒరిగేదేం ఉండదు. బాగా ఆలోచించుకుని, కావాలంటే మళ్ళీ ఇవ్వండి."

నేను ఆ కాగితం వెనక్కి తీసుకున్నాను. గదిలోంచి బయటికి వచ్చాక నాకు హాయిగా అనిపించింది. సిగ్గుతో చెప్తున్నాను, నిజంగానే హాయిగా అనిపించింది. మళ్ళీ ఇవ్వలేదు.

నెల తర్వాత బాబాయి ఇంటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ఆయన పెరట్లో ఎవరిదో పొయ్యి బర్నరు విప్పి బాగుచేస్తున్నాడు, ఇప్పుడు అదే పని. నన్ను చూసి ముఖం వెలిగిపోయింది. "ఏడో మంచం పిల్ల ఎంతుందమ్మాయ్ ఇప్పుడు?" అన్నాడు మొదట. రెండు కిలోల మూడొందలు, ఇంటికి పంపేశాం అంటే, "అబ్బో!" అని మళ్ళీ బర్నరు మీదకి వంగాడు. లోపల పిన్ని నాకు మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు చివరి నిమిషంలో ఒకామె ఒక్కత్తే దొర్లించుకుంటూ తెచ్చిందట కదమ్మా. అది రాకపోతే పిల్లలు దక్కేవాళ్ళు కాదని మీ బాబాయి రోజుకోసారైనా తలుచుకుంటాడు. ఎవరని అడిగితే మాత్రం చూడలేదంటాడు. నీకేమైనా తెలుసా?"

చూడలేదట. ఆమె అని మాత్రం ఎలా తెలిసింది?

"నేనే పిన్నీ" అన్నాను. "మధ్యాహ్నం నుంచీ దాచుకున్నాను, చివర్లో తెచ్చాను. విచారణలో అడిగితే నా దగ్గర ఏమీ లేవని చెప్పాను."

పిన్ని అరిస్తే బాగుండేది. పెరట్లో బాబాయి స్పానరుతో ఏదో బిగిస్తున్న చప్పుడు వస్తోంది.

"ఆ రోజు నువ్వొక్కదానివి నోరు విప్పినా, మిగతావాళ్ళు కూడా విప్పేవారేమో కదమ్మా" అంది మెల్లిగా.

"ఇప్పుడు అడిగితే చెప్తాను పిన్నీ."

"ఇప్పుడెవరడుగుతారమ్మా" అంది.